కళ్లజోడు తీయమనాలా, వీడియో తీయొద్దనాలా?

లేన్ నాలుగు:

నేను పిల్లలకి ఈత నేర్పుతాను. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లు, సాయంత్రం రెండు బ్యాచ్‌లు. పద్నాలుగేళ్లుగా ఇదే పని. పిల్లలు నీళ్లకి భయపడితే ఏం చెయ్యాలో తెలుసు. పిల్లల్ని నీళ్లలోకి పంపడానికి తల్లిదండ్రులు భయపడితే (ఇదే ఎక్కువ) ఏం చెయ్యాలో కూడా తెలుసు. ఇప్పుడొచ్చింది మాత్రం నాకు తెలియని గొడవ.

మా పూల్ గట్టు మీద ఫోను బయటికి తియ్యకూడదని బోర్డు ఉంది. దాంతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఎవరైనా మరిచిపోయి ఫోను పైకెత్తితే నేను నీళ్లలోంచే చెయ్యి ఊపుతాను, వాళ్లు నాలిక్కరుచుకుని జేబులో పెట్టేసుకుంటారు. రెండు సెకన్ల పని. ఎవరూ నొచ్చుకోరు.

పోయిన వారం రెండో బ్యాచ్‌లో ఒక పాప కిక్‌బోర్డు పట్టుకుని నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఆ అంకుల్ కళ్లజోడు మెరిసింది" అంది. ఎండకి మెరిసుంటుందిలే అన్నాను. "ఎండ అటువైపు లేదుగా" అంది. నిజమే, ఆ బెంచీ నీడలో ఉంటుంది. తేరిపార చూస్తే నల్లటి లావు ఫ్రేము, రెండు చివర్లా చిన్న గుండ్రాలు కనిపించాయి.

ఒళ్లంతా నీళ్లు కారుతుండగా గట్టెక్కి వెళ్లి అడిగాను. ఆయన దాచలేదు. "అవునండీ, కెమెరా ఉంది. ఇప్పుడేం తియ్యట్లేదు. మా పాప డైవ్ చేసినప్పుడు ఒక్క క్లిప్ తీశానంతే." "దయచేసి తీసెయ్యండి సార్" అన్నాను. "డిలీట్ చేసేస్తాను" అన్నాడు. "అది కూడా. ముందు కళ్లజోడు తీసెయ్యండి." అప్పుడాయన పాపం మొహమాటపడుతూ, "ఇవి పవర్ అద్దాలండీ. మైనస్ ఐదున్నర. తీస్తే మా పాప నీళ్లలో ఎక్కడుందో కూడా కనపడదు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మన భాషలో వీడియో తియ్యడమూ తియ్యడమే, కళ్లజోడు తియ్యడమూ తియ్యడమే. ఆ పూట రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.

నన్ను నమ్మించడానికి ఆ క్లిప్ ఫోన్లో చూపించాడు. నాకు నిద్ర పట్టకుండా చేసింది అదే. నలభై సెకన్లు ఉంటుంది. అందులో వాళ్ల పాప కనిపించింది మూడు నాలుగు సెకన్లు. తర్వాత ఎవరో అరిచారు, ఆయన అటు తిరిగాడు. కెమెరా కూడా తిరిగింది. అక్కడ ఇంకో పిల్ల నిచ్చెన ఎక్కుతూ స్విమ్‌సూట్ సర్దుకుంటోంది. ఆ తర్వాత నేను, నోరు తెరిచి ఎవర్నో కేకలేస్తూ. ఆ తర్వాత డ్రెస్ మార్చుకునే గది తలుపు, ఎవరో లోపలికి వెళ్తూ. ఆయన కావాలని ఏదీ తియ్యలేదు, ఆ మాట నేను నమ్ముతున్నాను. చూశాడంతే. మనిషి చూపు ఒకచోట నిలవదు కదా. ఫోనుతో అయితే తియ్యాలనుకున్నదాన్నే తీస్తాం. దీంతో చూసిందల్లా వచ్చేస్తుంది.

నా ముందే డిలీట్ చేశాడు. మంచివాడే. అందుకే ఎక్కువ ఇబ్బందిగా ఉంది, దొంగ అయితే బయటికి పంపేదాన్ని.

ఇంతకీ నేను అడిగేది: కళ్లజోడు వీడియో తీస్తుంటే దాని మీద లైటు వెలుగుతుందట, అది వెలుగుతోందో లేదో నీళ్లలోంచి నాకు ఎలా తెలుస్తుంది? బోర్డు మీద ఏమని రాయాలి? "కళ్లజోళ్లు నిషేధం" అని రాయలేను కదా. ఫోన్లో డిలీట్ చేస్తే పోయినట్టేనా?

గాలివాటం:

మేడమ్, మీరు లేనిపోని టెన్షన్ పెట్టుకుంటున్నారు. ఇంట్లోంచి అడుగు బయటపెడితే ఎన్ని సీసీ కెమెరాలు మనల్ని చూస్తున్నాయో లెక్కేసుకోండి. పక్కవాడి చేతిలో ఫోను ఎప్పుడూ ఉంటుంది. ప్రైవసీ పోయి చాలా కాలమైంది, ఇప్పుడు ఒక మనిషి కళ్లజోడు వల్ల కొత్తగా పోయేదేముంది? ఆయన అడగ్గానే చూపించాడు, డిలీట్ చేశాడు. ఇక వదిలెయ్యండి.

లేన్ నాలుగు:

మా పూల్లోనూ సీసీ కెమెరా ఉందండీ. అది ఎక్కడుందో మా బ్యాచ్‌లో ఆరేళ్ల బుడ్డోడికి కూడా తెలుసు, వెళ్లేటప్పుడు దానికి టాటా చెప్తాడు. అది గేటు వైపే చూస్తుంది. రికార్డింగ్ ఎవరి దగ్గరుంటుందో నాకు తెలుసు, ఏదైనా జరిగితే ఎవర్ని నిలదియ్యాలో తెలుసు. అది సాయంత్రం దిగి ఎవరింటికీ నడిచి వెళ్లదు.

స్క్రూడ్రైవర్:

నాది ఎలక్ట్రానిక్స్ రిపేర్ పని. నేనూ ఒక జత వాడుతున్నాను, పాటలకీ ఫోన్ కాల్స్‌కీ. మీ ప్రశ్నలకి నాకు తెలిసినంత చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మీ పాప చూపు గట్టిది. మీరు చెప్పిన రెండు గుండ్రాల్లో ఒకటి కెమెరా, రెండోది లైటు. ఇవాళ ఎక్కువగా కనబడే రేబాన్ మెటా రకంలో కుడి చెవి వైపు కాడ మీద బటన్ ఉంటుంది. ఒకసారి నొక్కితే ఫొటో, నొక్కి పట్టుకుంటే వీడియో. నోటితో చెప్పినా తీస్తుంది. ఫొటోకి లైటు ఒక్కసారి మెరిసి ఊరుకుంటుంది. వీడియో అయితే తీస్తున్నంతసేపూ పనిచేస్తూ ఉంటుంది. ఆ పాప చూసింది దాన్నే.

ఈ లైటుకి ఒక కథ ఉంది. 2021లో ఫేస్‌బుక్ వాళ్లు (ఇప్పుడు కంపెనీ పేరు మెటా) రేబాన్ స్టోరీస్ అని మొదటి రకం తెచ్చినప్పుడు లైటు సూదిమొన అంత ఉండేది. ఐర్లండ్, ఇటలీ డేటా నియంత్రణ సంస్థలు అది వచ్చిన నెలలోనే, ఇంత చిన్న లైటు ఎదుటివాళ్లకి నిజంగా కనబడుతుందని నిరూపించండి అని అడిగాయి. 2023లో వచ్చిన రకంలో లైటు పెద్దదైంది. దాని మీద టేపు అంటించి తియ్యబోతే అద్దాలు ఒప్పుకోవు, అడ్డం తియ్యమంటాయి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ డబ్బు తీసుకుని లోపలి లైటు పనిచెయ్యకుండా చేసిపెట్టేవాళ్లు ఉన్నారని 2025లో వార్తలొచ్చాయి. పని తెలిసినవాడిగా నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. పైగా ఊరూపేరూ లేని చవక రకాల్లో అసలు లైటే లేనివీ ఉంటాయి. కాబట్టి లైటు వెలిగితే తీస్తున్నట్టే అనుకోండి. వెలగకపోతే తియ్యట్లేదని మాత్రం అనుకోకండి.

డిలీట్ సంగతి. క్లిప్ మొదట కళ్లజోడులో ఉంటుంది, తర్వాత యాప్ ద్వారా ఫోన్లోకి దిగుతుంది. ఆయన ఫోన్లో చూపించాడంటే దిగిపోయిందన్నమాట. అక్కడ డిలీట్ చేస్తే చాలా ఫోన్లలో కొన్నాళ్లు చెత్తబుట్ట ఫోల్డర్లో ఉంటుంది. క్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే అక్కడికీ ఒక కాపీ వెళ్లి ఉండొచ్చు. ఆయన్నే మర్యాదగా అడగండి, ఆ రెండూ చూసుకోమని. చాలామందికి ఇది తట్టదు.

అదొక్కటే కాదు. మనం "ఎదురుగా ఉన్నదేంటో చూసి చెప్పు" అని కళ్లజోడులోని ఏఐని అడిగితే, ఆ బొమ్మ కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. దాన్ని మనుషులు కూడా పరిశీలించవచ్చని షరతుల్లో రాసే ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో మెటా నిబంధనలు మార్చింది. "హే మెటా" అనే పిలుపు మాట తర్వాత మనం మాట్లాడిన రికార్డింగులు ఏడాది వరకు ఉంచుకోవచ్చంది, అలా దాచకుండా ఆపే సెట్టింగ్ తీసేసింది. మనమే ఒక్కొక్కటీ వెతికి చెరుపుకోవాలి. వాడేవాడిగా నేను ఒప్పుకున్నాను సరే, నా పక్కన మాట్లాడుతున్నవాళ్లు ఎక్కడ సంతకం పెట్టారు?

గాలివాటం గారూ, కొత్తగా పోయేదేముంది అన్నారు. 2024లో హార్వర్డ్‌లో ఇద్దరు విద్యార్థులు ఇలాంటి అద్దాలతోనే ఒక ప్రయోగం చేశారు. కళ్లజోడు వీడియోని ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెట్టి, అందులో కనిపించిన ముఖాన్ని ముఖాలు వెతికే వెబ్‌సైట్‌లో వేసి, దొరికిన పేజీల్లోంచి పేరూ చిరునామా లాంటివి ఏఐతో ఏరించారు. దారిన పోయే మనిషిని పేరు పెట్టి పలకరిస్తే, పాత పరిచయమే కాబోలు అని వాళ్లు నవ్వుతూ మాట్లాడేశారు. ఆ కోడ్ బయటికి ఇవ్వలేదు. ఆ వెబ్‌సైట్లలోంచి మన వివరాలు ఎలా తీయించుకోవాలో మాత్రం రాసిపెట్టారు. వాడిన ముక్కలన్నీ బజార్లో దొరికేవే.

మీ సమస్యకి వస్తే: ఎడమ కాడ లోపలివైపు పవర్ స్విచ్ ఉంటుంది. ఆపేస్తే అది మామూలు పవర్ కళ్లజోడే, మైనస్ ఐదున్నరకి ఏ లోటూ రాదు. ఆపేశాడో లేదో మీకు బయటినుంచి తెలియదు, అదే చిక్కు.

మసక:

నేను రెటీనా జబ్బుతో చూపు చాలావరకు పోయినదాన్ని. ఇలాంటి అద్దాలే నాకు డబ్బా మీద అక్షరాలు చదివి పెడతాయి, తలుపు మీద నంబరు చెప్తాయి. బీ మై ఐస్ అని ఒక సేవ ఉంది, చూపున్న వాలంటీర్లు వీడియోలో మన ఎదురుగా ఉన్నది చూసి చెప్తారు. ఫోన్లో 2015 నుంచి ఉంది, 2024 చివర్లో ఈ కళ్లజోళ్లలోకీ వచ్చింది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో సంచి ఉన్న మనిషికి ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది చెప్పండి.

అందుకని బోర్డు రాసేటప్పుడు దయచేసి "కెమెరా అద్దాలు ఉన్నవారికి ప్రవేశం లేదు" అని రాయకండి. ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర నన్ను అలాగే నిలబెట్టేశారు. తీసేస్తే కానీ మాట్లాడం అన్నారు. తీశాను. తర్వాత సంతకం ఎక్కడ పెట్టాలో వాళ్లే వేలు పట్టుకుని చూపించాల్సొచ్చింది. లైనులో వెనకవాళ్ల గొణుగుడు నాకు బాగానే వినబడింది, చెవులకేం లోటు లేదు.

అయితే నా వైపు తప్పు కూడా చెప్తాను. డాక్టరు కోసం కూర్చున్నప్పుడు, పిలిచే నంబరు తెర మీద పడిందేమోనని "ఎదురుగా ఏముంది?" అని అడిగాను. తల కొంచెం పక్కకి తిరిగి ఉన్నట్టుంది. పక్కావిడ ఒళ్లో తెరిచిపెట్టుకున్న రిపోర్టుని కళ్లజోడు నా చెవిలో చదవడం మొదలుపెట్టింది. పరీక్ష పేరు, పక్కన అంకె. ఆపమనేలోగా వినేశాను. ఆవిడకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. కాసేపటికి ఆవిడే నన్ను "ఏం జబ్బమ్మా మీకు?" అని అడిగింది. నేను చెప్పాను. ఆవిడ జబ్బేంటో నేను తిరిగి అడగలేకపోయాను.

అప్పటినుంచి ఎక్కడ కూర్చున్నా ముందే చెప్తున్నాను, "నాకు చూపు లేదు, ఈ కళ్లజోడులో కెమెరా ఉంది, చదివించుకోవడానికి వాడతాను" అని. ఒకరిద్దరు లేచి వేరే చోట కూర్చున్నారు. నేనేం అనుకోలేదు.

పాత స్టూడియో:

నేను స్టూడియో ఫొటోగ్రాఫర్ని. రిటైరయ్యాను, మోకాళ్లు ముందే రిటైరయ్యాయి. మీ ప్రశ్నలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఫోను పైకెత్తితే చెయ్యి ఊపుతాను అన్నారు చూడండి, మా వృత్తి అంతా అక్కడే ఉంది. కెమెరా కంటి దగ్గరికి లేవడం అంటేనే "తియ్యనా?" అని అడగడం. ఎదుటి మనిషి జుట్టు సర్దుకుంటే సరే అన్నట్టు, మొహం తిప్పుకుంటే వద్దన్నట్టు. నోరు విప్పకుండా రెండువైపులా మాటలైపోతాయి. కళ్లజోడు ఆ అడగడాన్ని మింగేసింది. ఇప్పుడు అడగాల్సినవాడు అడగడు, తీయించుకునేవాళ్లే ఒళ్లంతా నీళ్లు కారుతూ గట్టెక్కి వెళ్లి అడగాలి.

దొంగ కెమెరాలు కొత్తేం కాదు. 1886లో స్టిర్న్ అని ఒక పళ్లెం లాంటి కెమెరా అమ్మారు. కోటు లోపల కట్టుకుంటే గుండీ రంధ్రంలోంచి లెన్సు తొంగి చూసేది. 1888లో ఈస్ట్‌మన్ కొడాక్ పెట్టె కెమెరా వచ్చింది, ఫొటో తియ్యడం ఎవరికైనా వచ్చే పనైపోయింది. 1890లో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు అమెరికా లాయర్లు, మనిషిని తన మానాన తనని వదిలెయ్యాలి, అది హక్కు అని ఒక పెద్ద వ్యాసం రాశారు. అందులో తిట్టిన వాటిలో అప్పటికప్పుడు తీసే ఫొటోలూ ఉన్నాయి. కాబట్టి మేడమ్, మీకు పట్టని నిద్ర వాళ్లకీ పట్టలేదు.

లైటు గురించి ఒక మాట. లైటు ఎదురుగా ఉన్నవాడికే కనబడుతుంది. వీపు తిప్పి ఉన్నవాడికి, కళ్లు మూసుకున్నవాడికి, నీళ్లలో మొహం పెట్టిన పిల్లకి కనబడదు. జపాన్‌లో, దక్షిణ కొరియాలో అమ్మే ఫోన్లకి షట్టర్ చప్పుడు తప్పనిసరిగా పెడుతూ వచ్చింది అందుకే. చప్పుడు వెనకవైపుకీ వెళ్తుంది. కళ్లజోడు చేసేవాళ్లు లైటు ఎంచుకున్నారు, అది అందంగా ఉంటుంది గనక అని నా అనుమానం.

బెర్లిన్‌లో కొన్ని క్లబ్బులు ఫోను కెమెరా మీద చిన్న స్టిక్కర్ అంటించి లోపలికి పంపుతాయి. ఫోను మీ దగ్గరే ఉంటుంది. మీ దగ్గరా అదే ఎందుకు చెయ్యకూడదు? లైటు మీద కాదు, లెన్సు మీదే. స్విచ్ ఆపాడా లేదా అన్న పేచీ ఉండదు. స్టిక్కర్ ఉందో లేదో నీళ్లలోంచి కూడా కనబడుతుంది, రంగు మంచిది చూసుకోండి.

స్క్రూడ్రైవర్:

మాష్టారు చెప్పింది నాకెందుకు తట్టలేదో! లెన్సు మూస్తే బొమ్మ రాదు, అద్దాలు ఎంత తెలివైనవైనా. ఒక్క జాగ్రత్త: జిగురు గట్టిది వాడకండి, లెన్సు మీద మరక పడితే ఆయన మీ మీద పడతాడు. మాట మాత్రం మైకుకి వినబడుతూనే ఉంటుంది. మీ కేకలు ఎలాగూ వీధి చివరిదాకా వినబడుతుంటాయి కాబట్టి ఫర్వాలేదనుకుంటా.

ఇంకొకటి, చుట్టుపక్కల ఇలాంటి అద్దాలుంటే బ్లూటూత్ సిగ్నల్ పట్టి చెప్పే యాప్‌లు వచ్చాయి. వాటి మీద ఆధారపడకండి. సిగ్నల్‌లో తయారీదారు గుర్తు మాత్రమే ఉంటుంది, అదే కంపెనీ వేరే వస్తువుకి కూడా గంట కొడుతుంది. ఏ పాపం ఎరగని మనిషి మీదికి వెళ్తారు.

గాలివాటం:

చెరుపుకోమన్న చోట చెరుపుకోవడం, స్టిక్కర్లు... ఇంత అవసరమా అనే ఇప్పటికీ అంటాను. కానీ మా చెల్లెలి కూతురు ఈతకి వెళ్తుంది, ఆ స్విమ్‌సూట్ సంగతి చదివి కాసేపు ఆలోచించాను. అంతే.

లేన్ నాలుగు:

అందరికీ థాంక్సండీ. ఏం జరిగిందో చెప్పి వెళ్తాను.

బోర్డు మీద ఇలా రాయించాను: "ఫోను లోపల పెట్టండి. మీ కళ్లజోడులో కెమెరా ఉంటే కౌంటర్ దగ్గర స్టిక్కర్ అడగండి. చూపు కోసం కెమెరా అవసరమైతే కోచ్‌తో ఒక్క మాట చెప్పండి." చివరి వాక్యం మసక గారిది. "నిషేధం" అన్న మాట పెట్టలేదు, పెడితే జనం చదవడం మానేస్తారని నా అనుభవం. డ్రెస్ మార్చుకునే గదుల తలుపు మీద మాత్రం వేరే కాగితం, అక్కడ ఏ కెమెరా వద్దు, ఏ మినహాయింపూ లేదు.

ఆ నాన్నగారికి ముందే ఫోన్ చేశాను, బోర్డు చూసి తనని దృష్టిలో పెట్టుకునే రాశారనుకుంటాడేమోనని. (రాసింది ఆయన వల్లే, ఆ మాట ఒప్పుకున్నాను.) చెత్తబుట్ట ఫోల్డర్ చూసుకోమన్నాను. లైన్లో ఉండగానే చూశాడు. అక్కడ ఉంది. బ్యాకప్‌లోనూ ఉంది. అటువైపు కాసేపు చప్పుడు లేదు, తర్వాత "రెండూ తీసేశానండీ" అన్నాడు.

స్టిక్కర్లు కొనలేదు. లెవెల్ పూర్తి చేసిన పిల్లలకి ఇచ్చే పసుపు నక్షత్రాలు డ్రాయర్లో ఉన్నాయి, పల్చటి జిగురు, ఈజీగా ఊడొస్తాయి. నిన్న వాళ్ల పాపే తడిచేత్తో ఒకటి తీసి నాన్న కళ్లజోడు మూల మీద అంటించింది. మొదటిది వంకరగా పడింది, లైటు మీద పడింది. "అది కాదమ్మా, అవతలిది" అని ఆయనే చూపించాడు. లేన్ చివర్నించి చూశాను, పసుపు చుక్క చక్కగా కనబడుతోంది.

నాకు తెలిసినంతవరకు ఆ కళ్లజోడు ఉన్నది మా దగ్గర ఆయన ఒక్కడికే. రాత్రి తాళం వేసేటప్పుడు డ్రాయర్ చూస్తే నక్షత్రాలు మూడు తగ్గాయి.